ట్రైలర్, పోస్టర్, ముఖచిత్రం: మూడింటినీ కలిపే శాస్త్రం

విద్యార్థులు కొందరు ఒక లఘుచిత్రం తీశారనుకుందాం. ట్రైలర్ అంతా ముదురు నీలం, చీకటి. పోస్టర్ మీద నవ్వుతున్న నాయిక. సినిమా పత్రిక ముఖచిత్రానికి పసుపు నేపథ్యం. విడివిడిగా చూస్తే మూడూ బాగున్నాయి. అయినా ట్రైలర్ చూసినవారు మర్నాడు పోస్టర్ పక్కనుంచే వెళ్లినా అది అదే సినిమాదని గుర్తుపట్టరు. ఒకదానికి పడిన శ్రమ రెండోదానికి ఉపయోగపడలేదన్నమాట. బ్రిటన్‌లో ఏ-లెవెల్ మీడియా స్టడీస్ విద్యార్థులకు ఈ మూడూ తయారుచేసే ప్రాజెక్టు ఉండేది. అవి కలిసి ఎంత బాగా పనిచేశాయో కూడా వారే విశ్లేషించాల్సి వచ్చేది.

గుర్తుపట్టడం ఎలా జరుగుతుంది? ఒక విషయాన్ని నేర్చుకున్నప్పుడు దానితోపాటు ఉన్న ఆనవాలు మళ్లీ కనిపిస్తే, ఆ జ్ఞాపకం తేలిగ్గా పైకి వస్తుందని 1973లో ఎండెల్ టుల్వింగ్, డొనాల్డ్ థామ్సన్ వివరించారు. కాబట్టి ట్రైలర్‌లో ప్రేక్షకుడి మనసులో నాటుకున్న ఆనవాలే పోస్టర్ మీదా, ముఖచిత్రం మీదా కనిపించాలి.

ఆ ఆనవాలు ఒక్క చూపులో అందాలి. మన కంటిలో అతి స్పష్టంగా చూడగల భాగం ఫోవియా. చేయి చాచి పట్టుకున్న బొటనవేలి గోరంత మేరనే అది స్పష్టంగా చూపగలదు. మిగతాదంతా మసకే. అందుకే నడిచిపోయేవారికి ముందు అందేవి పెద్ద ఆకారం, ప్రధాన రంగు. చిన్న అక్షరాలు ఆ తర్వాతే. 1975లో వచ్చిన 'జాస్' ఇందుకు మంచి ఉదాహరణ. పైన ఈదుతున్న మనిషి, కింద నుంచి నోరు తెరిచి వస్తున్న సొరచేప. రోజర్ కాస్టెల్ నవల అట్ట కోసం వేసిన ఆ బొమ్మే సినిమా పోస్టర్ కూడా అయింది.

రంగు దగ్గర ఒక చిక్కు ఉంది. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులను కలిపి రంగులు చూపుతుంది. అచ్చులో సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలు తెల్లని కాంతిలో కొంత భాగాన్ని పీల్చుకుంటాయి, మిగిలినదే మన కంటికి చేరుతుంది. తెర మీద మెరిసే కొన్ని నీలాలు, ఆకుపచ్చలు సిరాతో రావు, వెలసిపోయినట్టు కనిపిస్తాయి. అందువల్ల ప్రధాన రంగును ఖాయం చేసే ముందే కాగితం మీద ఒక నమూనా తీసి చూడాలి.

ట్రైలర్‌లోని ఫ్రేమ్‌నే పోస్టర్‌గా వాడితే సరిపోదా? 1920×1080 ఫ్రేమ్‌లో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున అచ్చు వేస్తే ఆ ఫ్రేమ్ ఎత్తు 3.6 అంగుళాలే. ఏ4 ముఖచిత్రం ఎత్తు సుమారు 11.7 అంగుళాలు. పైగా సెకనుకు 24 ఫ్రేముల చిత్రీకరణలో ఒక్కో ఫ్రేమ్‌కు సాధారణంగా సెకనులో 48వ వంతు సేపు వెలుతురు అందుతుంది. అంతలో పాత్ర కదిలితే బొమ్మ చెదురుతుంది. కాబట్టి షూటింగ్ రోజునే, అదే దుస్తుల్లో, అదే వెలుతురులో స్టిల్ ఫొటోలు నిలువుగా తీసుకోవాలి. ముఖచిత్రం కోసం తల పైన పత్రిక పేరుకు చోటు వదలాలి. పత్రిక పేరు అక్షరాల తీరు పత్రికది, సినిమా పేరు తీరు మాత్రం మూడింటిలోనూ ఒక్కటే ఉండాలి.

చివరగా ఒక పరీక్ష. సినిమా గురించి ఏమీ తెలియని స్నేహితుడికి ట్రైలర్ చూపించండి. మర్నాడు పోస్టర్‌నూ ముఖచిత్రాన్నీ సినిమా పేరు మూసి, వేరే నాలుగైదు బొమ్మల మధ్య పెట్టి, రెండు సెకన్లు మాత్రమే చూపించండి. రెండింటినీ వెంటనే పట్టుకుంటే ఆనవాలు పనిచేసినట్టే. తడబడితే మార్చాల్సింది ఎక్కడో అచ్చుకు డబ్బు పెట్టకముందే తెలిసిపోతుంది.