కోచ్ నుంచి జవాబు వచ్చింది, ఇప్పుడేం చేయాలి?

అమెరికాలో హైస్కూల్ బేస్‌బాల్ ఆడే పిల్లాడికి కాలేజీ కోచ్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చిందంటే ఆ రోజు ఇంట్లో ఇంకో సంగతి ఉండదు. నాన్న ఆఫీసులో కూర్చునే ఆ మెయిల్ తెప్పించుకుని చదువుతాడు. అమ్మ హైదరాబాద్‌కి ఫోన్ చేస్తుంది. సంతోషపడటంలో తప్పు లేదు గానీ, ఆ మెయిల్ ఏం చెప్పిందో తేల్చుకోకుండా నలుగురికీ చెప్పేస్తే తర్వాత సర్దుకోవడం కష్టం. పెళ్లి సంబంధాల్లో "అంతా బాగానే ఉంది, ఇంట్లో మాట్లాడుకుని కబురు చేస్తాం" అంటే ఎంతవరకు నమ్మాలో మన పెద్దవాళ్లకు బాగా తెలుసు. కోచ్‌ల మాటనూ ఆ లెక్కలోనే తీసుకోవాలి. మాట ఎంత తియ్యగా ఉందన్నది పక్కన పెట్టి, ఆ కోచ్ మీవాడి కోసం తన సమయం, తన బడ్జెట్, తన జట్టులో ఒక చోటు, వీటిలో ఏది వదులుకోవడానికి సిద్ధపడ్డాడో చూడండి. మిగతావన్నీ మర్యాద మాటలు.

ముందు క్యాలెండర్

కాలేజీ క్రీడల్లో పై అంచె అయిన డివిజన్ 1 కోచ్‌లు పదకొండో తరగతి మొదలయ్యే ముందు వచ్చే ఆగస్టు 1 దాకా ఆటగాడితో రిక్రూటింగ్ సంగతి మాట్లాడకూడదు. ఫోన్, మెసేజ్, మెయిల్ ఏదీ కుదరదు. కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ 2023లో పెట్టిన కట్టడి ఇది. అప్పటిదాకా వాళ్లు పంపగలిగేవి క్యాంపు ప్రకటనలు, వివరాలు నింపే ఫారాలు, కాలేజీ గురించిన మామూలు సమాచారం. పదో తరగతిలో మీవాడు ఎంత చక్కగా రాసినా జవాబు రాలేదంటే, నచ్చలేదని అర్థం కాదు. అలాగే క్యాంపు కాగితం వచ్చిందంటే నచ్చాడనీ కాదు.

డివిజన్ 3, ఎన్‌ఏఐఏ (కాలేజీ క్రీడల ఇంకో సంఘం), రెండేళ్ల జూనియర్ కాలేజీల వాళ్లకు ఇంత కట్టడి లేదు కాబట్టి మొదటి జవాబు అక్కడి నుంచే రావచ్చు. పేరు వినలేదని పక్కన పడేయకండి.

ఏ రకం జవాబో తేల్చుకోవడం

తొందరపాటు ఎక్కువ జరిగేది ఇక్కడే. అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది క్యాంపు పిలుపు. "నీ ఆట మా దృష్టికి వచ్చింది, మా క్యాంపులో నిన్ను చూడాలని ఉంది" అని ఉంటుంది, కింద ఫీజు కట్టే లింకు. కాలేజీ కోచ్‌లు నడిపే క్యాంపులు అందరికీ తెరిచి ఉండాలన్నది నియమం. అంటే ఫీజు కట్టిన వాళ్లెవరైనా రావచ్చు. ఆ ఫీజులు చాలాచోట్ల అసిస్టెంట్ కోచ్‌ల ఆదాయంలో భాగం కూడా. ఇందులో మోసం లేదు, కానీ దాన్ని ఎంపికగా చదువుకోకూడదు. రుజువు ఆ మెయిల్‌లోనే దొరుకుతుంది. మీవాడి పొజిషన్ రాశాడా? పంపిన వీడియోలో ఏదైనా ఒక సంగతి పట్టుకుని మాట్లాడాడా? జవాబిస్తే నేరుగా కోచ్‌కే వెళ్తుందా, లేక క్యాంపు ఆఫీసుకా?

అనుమానం తీరకపోతే అడగడమే. పిల్లాడు ఇలా రాయొచ్చు: "కోచ్, పిలిచినందుకు థాంక్స్. రావాలనే ఉంది. రిజిస్టర్ చేసుకునే ముందు ఒక్క మాట. నా వీడియో మీరు చూశారా? 2027 క్లాసులో క్యాచర్ కోసం మీరింకా చూస్తున్నారా? నాలో మీరు నేరుగా చూడాలనుకుంటున్నది ఏమిటి?" ఆసక్తి ఉన్న కోచ్ నాలుగు ముక్కలైనా రాస్తాడు. "బేస్‌కి నీ త్రో టైమింగ్ నేనే స్వయంగా చూడాలి" అని రాస్తే టికెట్ కొనండి. మళ్లీ అదే లింకు వస్తే ఆ శనివారం లోకల్ గేమ్ ఆడుకోవడం మేలు.

రెండో రకం మర్యాద జవాబు: "రాసినందుకు థాంక్స్, నీ షెడ్యూలు పంపుతూ ఉండు." ఇది తలుపు వేసేయడం కాదు, లోపలికి రమ్మనడమూ కాదు. షెడ్యూలు పంపండి, అంతకుమించి ఆశపెట్టుకోకండి.

మూడో రకం వచ్చినప్పుడే అసలు పని మొదలవుతుంది. కోచ్ మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్ అడిగాడు, లేదా సెల్ నంబరిచ్చి "గురువారం సాయంత్రం ఫోన్ చెయ్యి" అన్నాడు, లేదా వచ్చే టోర్నమెంట్‌లో మీవాడి గేమ్ ఏ మైదానంలో ఎన్నింటికో అడిగాడు. అంటే సమయం వెచ్చించడానికి సిద్ధపడ్డాడు. అలాంటి మెయిల్ మూడు వాక్యాలే ఉన్నా, క్యాంపు మెయిల్‌లోని మూడు పేరాల పొగడ్త కంటే బరువైనది.

జవాబు రాసేది ఎవరు?

పిల్లాడే. ఈ విషయంలో నాకు మొహమాటం లేదు. అమ్మానాన్నలు పిల్లాడి మెయిల్ తెరిచి అతని పేరుతో రాస్తే కోచ్‌లు రెండో లైనుకే పసిగడతారు. పదహారేళ్ల కుర్రాడెవడూ "రెస్పెక్టెడ్ సర్" అని మొదలుపెట్టడు, "మీ అమూల్యమైన సమయాన్ని వెచ్చించి" అని రాయడు. అక్కడ "కోచ్" అన్న మాట పక్కన ఇంటిపేరు చేర్చి పిలిస్తే చాలు, అదే గౌరవం. మీరు చదివి పెట్టండి, తప్పులు చూపించండి, పంపే మీట మాత్రం వాడినే నొక్కనివ్వండి.

ఒక్క రోజులో, మహా అయితే రెండు రోజుల్లో జవాబు వెళ్లిపోవాలి. సబ్జెక్టు లైనులో పేరు, గ్రాడ్యుయేషన్ ఏడాది, పొజిషన్, స్కూలు, రాష్ట్రం ఉండాలి. కోచ్ ఇన్‌బాక్స్‌లో ఇలాంటివి కుప్పలుగా ఉంటాయి, వెతికితే దొరకాలి కదా. లోపల ముందుగా కోచ్ అడిగినదానికి సూటిగా జవాబు. తర్వాత కొత్త సంగతి ఒకటి, ఉదాహరణకు బ్యాట్ తగిలిన బంతి ఎంత వేగంగా వెళ్తుందో చెప్పే అంకె: "పోయిన మెయిల్ తర్వాత నా ఎగ్జిట్ వెలాసిటీ 88 నుంచి 92కి పెరిగింది, వీడియో లింకు ఇదిగో." చివర ఒక ప్రశ్న. అంతే. చిన్నప్పటి ట్రోఫీల జాబితా ఎవరికీ అక్కర్లేదు. అంకెలు పెంచి రాయడం అసలే వద్దు. కోచ్‌లు చూడటానికి వచ్చే షోకేస్‌లో రాడార్ గన్ పెడతారు, దాని ముందు బుకాయింపు కుదరదు.

ఇంట్లో ఒక షీటు తెరవండి. కాలేజీ, రాసిన కోచ్, తేదీ, ఏమన్నాడు, మనం చేయాల్సింది ఏమిటి. పది కాలేజీలు దాటాక ఎవరితో ఏం మాట్లాడామో గుర్తుండదు. పైగా సీజన్ అయ్యాక వేసవిలో కోచ్‌లు ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారిపోతుంటారు. మీవాణ్ణి ఇష్టపడ్డ మనిషి వెళ్లిపోతే పాత కాలేజీలో ఆ ఇష్టం మిగులుతుందన్న హామీ లేదు. అప్పుడు వెళ్లినాయనకీ రాయాలి, కొత్తగా వచ్చినాయనకీ మొదటి నుంచి పరిచయం చేసుకోవాలి.

ఫోన్ వస్తే

ముందు ఒక చిన్న పని: పిల్లాడి ఫోన్‌లో వాయిస్‌మెయిల్ పెట్టి ఉందో లేదో ఈ రోజే చూడండి. ఈ తరం పిల్లల్లో చాలామంది దాన్ని ముట్టుకోరు. తెలియని నంబరు వస్తే ఎత్తరు కూడా. కోచ్ ఫోన్ చేస్తే అటు "మెయిల్‌బాక్స్ సిద్ధంగా లేదు" అని వినిపిస్తుంది. కాల్ పోతే అదే రోజు తిరిగి చేయాలి.

మాట్లాడేటప్పుడు స్పీకర్ పెట్టి పక్కన మీరు సైగలు చేయకండి. ప్రశ్నలు ముందే కాగితం మీద రాసుకోమనండి. నా పొజిషన్‌లో, నా క్లాసులో ఎంతమందిని తీసుకుంటున్నారు? మీ జాబితాలో నేను ఎక్కడున్నాను? ఎప్పటికి తేలుస్తారు? వేరే కాలేజీల నుంచి మారి వచ్చేవాళ్లను ఏటా ఎంతమందిని తీసుకుంటున్నారు?

ఆ చివరి ప్రశ్నకు ఇప్పుడు చాలా విలువ ఉంది. కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక డివిజన్ 1 కోచ్‌కి పద్దెనిమిదేళ్ల కుర్రాడి కన్నా, రెండేళ్లు కాలేజీలో ఆడి చూపించిన ఇరవై ఏళ్లవాడు నమ్మకంగా కనిపిస్తున్నాడు. దీనికి తోడు, ఎన్‌సీఏఏపై ఆటగాళ్లు వేసిన దావాలో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ ఒప్పందంతో, అందులో చేరిన కాలేజీల బేస్‌బాల్ జట్లకు 34 మంది పరిమితి వచ్చింది. అంతకుముందు 40 మందికి చోటుండేది. ఆ కాలేజీలకు పాత 11.7 స్కాలర్‌షిప్పుల హద్దు తీసేశారు, నిజమే. కానీ హద్దు పోయినంత మాత్రాన ప్రతి కాలేజీ ఖజానా తెరిచిందనుకోవద్దు. "మాకు నువ్వంటే చాలా ఇష్టం, కానీ ప్రస్తుతం..." అని కోచ్ నసిగితే, ఆ తటపటాయింపులో సగం ఈ లెక్కలదే.

మార్కులు అడిగితే

మన ఇళ్లలో ఎక్కువమందికి కలిసొచ్చేది ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. ఎంఐటీ, కాల్‌టెక్, జాన్స్ హాప్కిన్స్, ఎమరీ, యూనివర్సిటీ ఆఫ్ షికాగో, ఇవన్నీ బేస్‌బాల్‌లో డివిజన్ 3. అక్కడ ఆట పేరుతో స్కాలర్‌షిప్ ఉండదు. ఐవీ లీగ్ డివిజన్ 1 అయినా అక్కడా అథ్లెటిక్ స్కాలర్‌షిప్ లేదు. ఇలాంటి చోట్ల కోచ్ ముందు అడిగేది ట్రాన్‌స్క్రిప్ట్, ఎస్ఏటీ స్కోరు. చాలాచోట్ల వాటిని అడ్మిషన్స్ ఆఫీసుకు చూపించి, ఈ పిల్లాడికి అవకాశం ఉందా అని ముందే కనుక్కుంటాడు. దీన్ని ప్రీ-రీడ్ అంటారు. ఎక్కువగా పదకొండో తరగతి అయ్యాక జూలైలో మొదలవుతుంది.

ప్రీ-రీడ్ బాగా వచ్చిందంటే సీటు వచ్చినట్టేనని చాలామంది అనుకుంటారు. కాదు. "మార్కుల అడ్డంకి లేదు" అని మాత్రమే దాని అర్థం. తర్వాత కోచ్ తన వంతు మద్దతు ఎవరికిస్తాడన్నది వేరే ప్రశ్న, ఎందుకంటే ఆ మద్దతు అతని చేతిలో కొద్దిమందికే ఉంటుంది. మీవాడు మర్యాదగా, సూటిగా అడగాలి: "కోచ్, నేను ఎర్లీ డెసిషన్‌లో అప్లై చేస్తే అడ్మిషన్స్‌లో మీ పూర్తి మద్దతు నాకు ఉంటుందా? మీరు మద్దతిచ్చిన వాళ్లలో ఇంతకుముందు ఎంతమందికి సీటు వచ్చింది?" జవాబు "ఉంటుంది" అని రావాలి. "నువ్వు బలమైన అభ్యర్థివి" అన్నది దీనికి జవాబు కాదు.

ఎర్లీ డెసిషన్‌లో సీటొస్తే చేరక తప్పదు. అందుకని అప్లికేషన్ పంపేముందే ఆ కాలేజీ సైటులో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ తెరిచి, ఏటా మీ చేతి నుంచి ఎంత పడుతుందో లెక్క చూసుకోండి. కోచ్‌తో మాటలు అయిపోయాక డబ్బు గురించి ఇంట్లో తగువు పడటం పిల్లాడికి నరకం. ఐవీ కాలేజీల్లోనైతే అక్టోబర్ 1 తర్వాత అడ్మిషన్స్ ఆఫీసు నుంచి, సీటు దాదాపు ఖాయమని చెప్పే లైక్లీ లెటర్ రావచ్చు. కోచ్ నోటి మాటకూ ఆ ఉత్తరానికీ చాలా దూరం ఉంది.

డివిజన్ 1, 2 వైపు వెళ్లేవాళ్లు ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో నమోదు చేసుకోవాలి. 16 కోర్ కోర్సులు కావాలి, డివిజన్ 1కి వాటిలో 2.3 జీపీఏ కనీసం. స్కూల్ కౌన్సెలర్‌ను అడిగితే చూపిస్తారు.

ఆఫర్, ఆలస్యం, వద్దు

"మాతో ఆడతావా?" అని కోచ్ నోటితో అడిగి, పిల్లాడు సరేనంటే దాన్ని వెర్బల్ కమిట్‌మెంట్ అంటారు. ఇద్దరిలో ఎవరికీ కట్టుబాటు లేదు. తెలుగు కుటుంబంలో పుట్టిన అర్జున్ నిమ్మల ఫ్లోరిడా స్టేట్‌కి మాటిచ్చాడు. ప్రొఫెషనల్ జట్లు ఆటగాళ్లను ఎంచుకునే 2023 డ్రాఫ్ట్ మొదటి రౌండ్లో, 20వ ఎంపికగా టొరంటో బ్లూ జేస్ తీసుకుంటే అటు వెళ్లిపోయాడు. ఎవరూ తప్పుపట్టరు. అదే స్వేచ్ఛ కోచ్‌కీ ఉందని గుర్తుపెట్టుకోండి. సంతకం పెట్టి కాలేజీకి కట్టుబడే పాత నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్‌ను 2024 అక్టోబర్‌లో ఎత్తేశారు. ఇప్పుడు స్కాలర్‌షిప్ అంటే సంతకాలున్న ఆర్థిక సాయం ఒప్పందమే. ఎంత డబ్బు, ఎన్నేళ్లకు, ఏ పరిస్థితిలో తగ్గుతుంది, అన్నీ అందులో చదవండి.

"శుక్రవారంలోగా చెప్పు" అని గడువు పెడితే భయపడక్కర్లేదు. "మీ ఆఫర్ నాకు చాలా విలువైనది, క్యాంపస్ చూసి వచ్చే బుధవారం ఖాయంగా చెబుతాను" అనొచ్చు. తేదీ చెప్పి అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. నాలుగు రోజులు కూడా ఆగని కోచ్ నాలుగేళ్లు ఎలా చూసుకుంటాడన్నదీ ఆలోచించాల్సిన సంగతే.

ఆగస్టు 1 దాటాక కూడా జవాబు రాకపోతే, కొత్త సంగతి ఉన్నప్పుడే మళ్లీ రాయండి: మెరుగైన అంకె, కొత్త వీడియో, దగ్గర్లో టోర్నమెంట్. "నా మెయిల్ చూశారా?" అని ఊరికే గుర్తుచేయడం దండగ. రెండు మూడు సార్లు అలా రాసినా ఉలుకూ పలుకూ లేకపోతే ఆ కాలేజీని షీటులో కిందికి జరపండి.

"మాకు కుదరదు" అని స్పష్టంగా రాసిన కోచ్ మేలు చేసినట్టే. థాంక్స్ చెప్పి, "నా ఆటకు ఏ స్థాయి సరిపోతుందని మీ అభిప్రాయం?" అని అడగొచ్చు. జూనియర్ కాలేజీ అని సూచిస్తే మొహం మాడ్చుకోకండి. మన వాళ్లకు ఆ పేరంటే చిన్నచూపు. జూనియర్ కాలేజీల క్రీడా సంఘం ఎన్‌జేసీఏఏలోని డివిజన్ 1 కాలేజీలు బేస్‌బాల్‌కి 24 స్కాలర్‌షిప్పుల దాకా ఇవ్వొచ్చు, రెండేళ్లు రోజూ ఆడే అవకాశమూ ఎక్కువే. పోర్టల్ పుణ్యమా అని ఇప్పుడు పెద్ద కోచ్‌లు వెతుకుతున్నది అలా ఆడి తేలినవాళ్లనే.

చివరికి ఒకచోట ఖాయమైన రోజున, ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు పెట్టేముందు, మాట్లాడుతున్న మిగతా కోచ్‌లందరికీ పిల్లాడు రెండు లైన్లు రాయాలి: "కోచ్, ఇన్నాళ్లూ నా కోసం సమయం ఇచ్చినందుకు థాంక్స్. నేను వేరే కాలేజీకి కమిట్ అయ్యాను, మీకు ముందే చెప్పాలనుకున్నాను." కొందరు "ఆల్ ది బెస్ట్" అని తిరిగి రాస్తారు. దానికి మళ్లీ జవాబు అక్కర్లేదు.