మంచు లేని మంచుయుగం: రాజంపేట నేలల పూర్వచరిత్ర

మంచుయుగమనగానే హిమాలయాలు స్ఫురించడం సహజం. చెయ్యేటి లోయలో మాత్రం అది అనావృష్టి రూపంలోనే వచ్చింది. సుమారు 21,000 సంవత్సరాల క్రితం ధ్రువప్రాంతాలలో మంచు అత్యధికంగా విస్తరించినప్పుడు సముద్రమట్టం దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. సముద్రాలు చల్లబడి నైరుతి ఋతుపవనాలు బలహీనపడ్డాయి. వాతావరణంలో బొగ్గుపులుసు వాయువు 190 పి.పి.ఎం.కు మించలేదు, అనగా నేటి పరిమాణంలో సగమైనా కాదు. ఇట్టి స్థితిలో వృక్షాలకన్నా సి-4 గడ్డిజాతులకు మనుగడ సులభం. జొన్న, కొర్ర ఈ వర్గానివే. మెట్టలో అవి తక్కువ నీటితో నిలదొక్కుకోవడానికి ఈ శరీరధర్మమే ముఖ్యకారణం.

అయితే కరవు ఎడతెగనిది కాదు. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ పరిశోధించిన కర్నూలు సీమలోని బిళ్ళసర్గం గుహలలో ప్లీస్టోసీన్ యుగపు ఖడ్గమృగ అవశేషాలు లభించాయి. నీరు, పచ్చిక కరవైన చోట ఆ జంతువు మనలేదు. తడి కాలాలూ పొడి కాలాలూ మార్చి మార్చి వచ్చాయన్నమాట. నేటి వర్షపాత సగటునే శాశ్వతమని నమ్మి చీనీ, మామిడి తోటలు విస్తరించేవారు ఈ చరిత్రను గమనించవలసి ఉంది.