స్థానిక సంఘములును జీవసంపదయు

గృహస్థుడు తన గాదెలో ధాన్యమెంతయో, కొట్టములో పశువులెన్నియో ఎరిగియే సంవత్సరమునకు వలసిన యేర్పాటులు చేసికొనును. ఊరికిని ఇట్టి లెక్క వలయును. ఊరిలోని చెట్లు, పక్షులు, చేపలు, పురుగులు, పాత వరివంగడములు, వీనిని గూర్చి పెద్దలెరిగిన సంగతులు అన్నియు వ్రాసి యుంచు పుస్తకమునకు ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు అని పేరు.

2002వ సంవత్సరపు జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి గ్రామపంచాయతీయు, ప్రతి పురపాలక సంఘమును ఒక జీవవైవిధ్య నిర్వహణ సంఘము నేర్పరుపవలెను. అధ్యక్షుడు గాక సభ్యులు ఆరుగురికి మించరాదనియు, మూడవ వంతునకు తక్కువ గాకుండ స్త్రీలుండవలెననియు 2004 నాటి నిబంధనలు మొదట విధించియుండెను. స్థానికుల నడిగి ఈ రిజిస్టరును వ్రాయించుట ఆ సంఘమునకు ముఖ్యకార్యము. పని ఆలస్యమగుచుండుటచే జాతీయ హరిత ట్రిబ్యునలు 2020 జనవరి 31వ తేదీని గడువుగా పెట్టెను. అయితే గడువు కొరకు ఒక్క వారములో నింపిన పుస్తకము నమ్మదగినది కాదు. శీతకాలమున ఉత్తరదేశములనుండి వచ్చు బాతులు వేసవి ముదురక మునుపే మరలిపోవును. మే నెలలో లెక్కించువానికి అవి కానరావు. కావున ఆరు ఋతువులును చూచి వ్రాయవలెను.

ఈ లెక్క యెందులకని కొంద రడుగుదురు. మా మట్టెవాడకు సమీపముననున్న భద్రకాళి చెరువునే చూతము. ఇది కాకతీయ గణపతిదేవుని నాటిదని ప్రసిద్ధి. పూడిక తీయుటకై 2024 నవంబరులో దీని నీటిని వదలి ఖాళీ చేసిరి. పూడికయు, గుర్రపుడెక్కయు చెరువులకు చేటు కావున వీనిని తీయుట యవసరమే. అయినను ఎచ్చట త్రవ్వవలెను, ఎచ్చట విడువవలెను అను ప్రశ్న మిగిలియే యున్నది. కొంగకు మోకాలి లోతు నీరు కావలయును. అంచు నిట్టనిలువుగ కోసినచో దానికి నిలుచు తావుండదు. తెలంగాణ రాష్ట్రమత్స్యమైన కొర్రమీను ఒడ్డునగల తుంగ, గడ్డి నడుమ లోతులేని నీట గూడుచేసి, పిల్లలను కాచుకొనును. గడ్డియంతయు తీసి రాతికట్టు కట్టినచో నీరు నిలుచును గాని చేప పెరుగదు. ఏ యంచున ఏ జీవి బ్రతుకుచున్నదో ముందుగా వ్రాసియున్న యెడల త్రవ్వువానికి ఆ పుస్తకమే దారి చూపును. వ్రాయనియెడల పోయినదేదో కూడ మనకు తెలియదు.

ధనమునకు మార్గము కలదు. 2019వ సంవత్సరపు తెలంగాణ పురపాలక చట్టము ఆదాయవ్యయ పట్టికలో పదవ వంతును పచ్చదనమునకై కేటాయింపుమనుచున్నది. ఈ సొమ్ముతో ఒకే జాతి మొక్కలు వరుసగ నాటిన నీడ కలుగవచ్చును. మన నేలకు చెందిన మఱ్ఱి, రావి, మేడి నాటినచో పక్షులకు పండ్లును దొరకును. ఏది కొఱతయో చెప్పునది రిజిస్టరే.

చట్టమున మఱియొక మేలు కలదు. విశేష జీవసంపదగల తావును, స్థానిక సంఘములతో ఆలోచించి, ప్రభుత్వము జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటింపవచ్చును. హైదరాబాదు చెంతనున్న అమీన్‌పూరు చెరువునకు 2016లో ఈ గౌరవము లభించెను.

చెరువు చక్కగానుండుట పక్షుల కొరకు మాత్రమే కాదు. 2020 ఆగస్టులోను, 2023 జూలైలోను వరంగల్లు వీధులు జలమయమైన సంగతి తల్లిదండ్రులు మఱువలేదు. వాననీటికి తావిచ్చు పల్లపునేలలను, నాలాలను కాపాడినచో జీవులతోపాటు మన యిండ్లును నిలుచును.

ఇందు విద్యార్థులు చేయదగిన పని యొకటి కలదు. తరగతి కొక నోటుపుస్తకముంచి, నెలకొకసారి చెరువుకట్టపై నొకేచోట నిలిచి, చూచిన జీవులను తేదీతో వ్రాయవలెను. పేరు తెలియనిచో వల వేయు బెస్తవారిని, ఇంటనున్న అవ్వను అడుగవలెను. వారెరిగిన పేర్లు వారితోనే పోకూడదు. ఏడాది నిండిన పిమ్మట ఆ పుస్తకపు ప్రతిని మన వార్డు సభ్యునికి సమర్పింతము. మేము రాబోవు వర్షాకాలమున ఆరంభింప దలచితిమి. సోదర పాఠశాలలవారును తమ తమ చెరువుల కడ ఆరంభింతురు గాక.