ఉమ్మడి గాదె, వర్చువల్ వాల్యూము

కోయంబత్తూరు పీలమేడు పేరు ఎరుగని తెలుగు కుటుంబము మన ప్రాంతమున అరుదు. అచ్చటి పి. ఎస్. గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కుమారులు 1926లో ఆస్తిని నాలుగు భాగములు గాక ఐదు చేసి, ఐదవదానిని ధర్మమునకు విడిచిరి. పి. ఎస్. జి. ధర్మసంస్థ అట్లు పుట్టినది.

పంపకమైన పిమ్మట ఎవరి భాగము వారిది. ఒకరి పొలము బీడుపడియున్నను మరియొకరు దున్నరాదు. ఉమ్మడి కుటుంబమున అట్లు గాదు. గాదె యొక్కటే, ఎవరికెంత కావలెనో అంత కొలిచి తీసికొందురు. కంప్యూటరు నిల్వలందును ఈ రెండు పద్ధతులు గలవు. మన పిల్లలు పలువురు నేడు ఆ పనులలో ప్రవేశించుచున్నందున ఈ సంగతిని కొంత వివరింపదలచితిమి.

పెద్ద సంస్థలలో లెక్కలును, చిత్రములును, ఉత్తరములును ఒక్కొక్క కంప్యూటరులో విడివిడిగా నుండవు. పెక్కు డిస్కులను ఒకచోట అమర్చి, వాని చోటునంతయు కలిపి ఒక పూల్‌గా చేయుదురు. ఒక డిస్కు చెడినను సమాచారము నశింపకుండ కొంత చోటును రక్షణకై వినియోగింతురు. (దీనికి రెయిడ్ అను పేరు 1988లో బర్క్లీ విశ్వవిద్యాలయమున ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు వ్రాసిన వ్యాసముతో వ్యాపించినది.) ఆ పూల్‌నుండి ఒక్కొక్క సర్వరునకు ఒక వాల్యూము ఇత్తురు. సర్వరునకు అది నిజమైన డిస్కువలెనే కనబడును. దానిలోని ఏ భాగము ఏ డిస్కుమీద నున్నదో నిల్వయంత్రము వ్రాసికొన్న పట్టికకే తెలియును. అందుచేతనే అది వర్చువల్ వాల్యూము.

అడిగిన చోటునంతయు మొదటనే వేరుచేసి యిచ్చుట థిక్ పద్ధతి. అది పంపకము వంటిది. అంకె మాత్రము చెప్పి, వ్రాసినప్పుడే చిన్న చిన్న ముక్కలుగా చోటిచ్చుట థిన్ పద్ధతి. అది ఉమ్మడి గాదె. ఇచట గాదెలోని ధాన్యమనగా ఖాళీ చోటు.

థిన్ పద్ధతిలో లాభము స్పష్టమే, అపాయము అంత స్పష్టము గాదు. పూల్‌లో 100 టెరాబైట్లున్నవనుకొందము. ఐదు శాఖలకు 40 చొప్పున మాట యిచ్చితిమి; మొత్తము 200. వ్రాసినది 60 మాత్రమే. నేడు ఎవ్వరికిని కొరత లేదు. నెలకు 4 చొప్పున పెరిగినచో పది నెలలలో పూల్ నిండును. ఆ దినమున, పది మాత్రమే వాడుకొన్న శాఖకు తన వాల్యూములో ఇంకను 30 ఖాళీ యున్నట్లే కనబడుచుండును. కాని క్రొత్త చోటు కోరు ఒక్క అక్షరమును వ్రాయజాలదు. దుబారా చేసినవాడును, పొదుపుగా నున్నవాడును ఒక్కమారే ఆగిపోవుదురు. ఆ సంస్థ ఆసుపత్రియైనచో ఆ గంటలో వచ్చిన రోగి రక్తపరీక్ష ఫలితము నమోదు కాదు.

కాబట్టి నిర్వాహకుడు ముందుగా చూడవలసినది వాల్యూములను గాదు, పూల్‌ను. మధుర ప్రాంతమువారికి ఇట్టి కావలి క్రొత్త గాదు. 1959లో ప్రారంభమైన వైగై ఆనకట్ట పూర్తి నీటిమట్టము 71 అడుగులు; నీరు 66 అడుగులకు చేరగనే మొదటి హెచ్చరిక, 68.5కు రెండవది, 69కి మూడవది యిత్తురు. నిండిన తరువాత చెప్పి ప్రయోజనమేమి? పూల్‌కును అట్లే గుర్తులు పెట్టవలెను. ఎచ్చట పెట్టవలెనన్నచో, ఎవరో చెప్పిన శాతములను కంఠస్థము చేయుటకన్న లెక్కవేయుట మేలు. క్రొత్త డిస్కులు తెప్పించి అమర్చుటకు మూడు నెలలు పట్టినచో ఆ కాలమున 12 టెరాబైట్లు నిండును. 88 వద్ద ఆర్డరు పంపినచో అవి సరిగా చివరి దినమున చేరును. మేమైతే 75 దాటనీయము. ఏలన, నెలకు నాలుగనునది గడచిన నెలల లెక్క, రాబోవు నెలలది గాదు.

తుడిచివేతను గూర్చి ఒక మాట. శాఖవారు పాత దస్త్రములను తొలగించినంత మాత్రమున పూల్‌లో చోటు పెరుగదు. తొలగింపు సర్వరు పట్టికలో జరుగును. నిల్వయంత్రమునకు ఆ వార్త అందదు. ఇల్లు ఖాళీచేసిన అద్దెదారు తాళపుచెవిని తనయొద్దనే యుంచుకొన్నట్లు. అన్‌మ్యాప్ అను ఆదేశము పంపినప్పుడే ఆ ముక్కలు తిరిగి ఉమ్మడిలో చేరును. పెక్కు సర్వరులు నేడు దానిని తమంతటనే పంపుచున్నవి, అన్నియు గాదు.

ఒక్క గంటయు ఆగరాని పనికి థిక్ వాల్యూము ఇచ్చుటయే మాకు ఇష్టము. తక్కినవానికి థిన్ చాలును. పీలమేటి ఐదవ భాగమువలె, ఎవ్వరికిని మాట యీయని చోటు కొంత పూల్‌లో నుంచుటయు మంచిది.

పై లెక్కలో పెరుగుదల నెలకు 4 గాక 6 అయి, డిస్కులు చేరుటకు అదే మూడు నెలలు పట్టినచో, కడపటి ఆర్డరు ఏ అంకె వద్ద పంపవలెనో విద్యార్థులు కట్టి చూడవలెను.