మల్లుని దమ్ము: విరామపు పరుగు

గోదాలో బలవంతుడే గెలుచునని పలువురు తలంతురు. కాని భుజబలము తగ్గకున్నను, దమ్ము చాలక ఓడు వస్తాదులు పెక్కుమంది కలరు. నేటి ఫ్రీస్టైల్ కుస్తీ మూడేసి నిమిషముల రెండు భాగములుగా జరుగును. నడుమ విరామము 30 సెకనులు మాత్రమే. ఆ ఆరు నిమిషములును మల్లుడు ఒకే తీరున శ్రమింపడు. ఒక పట్టుకై సర్వశక్తులు ఒడ్డును. కొంత నెమ్మదించి మరల విజృంభించును. కనుక ఒకే వేగమున సాగు దూరపు పరుగు ఒక్కటే అతనికి చాలదు.

ఆ లోటు తీర్చునది విరామపు పరుగు. 1930 తరువాతి సంవత్సరములలో జర్మనీలోని ఫ్రైబుర్గ్ నగరమున శిక్షకుడు గెర్ష్లర్, వైద్యుడు రైన్‌డెల్ దీనికి శాస్త్రీయరూపము నిచ్చిరి. పరుగుచే నాడిని నిమిషమునకు 180 వరకు హెచ్చించి, 120కి దిగువరకు విశ్రాంతి నిచ్చెడివారు. 90 సెకనులలో దిగనిచో శ్రమ మితిమీరినదని గ్రహించెడివారు. 1952 హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో మూడు దూరపు పరుగులు గెలిచిన జటోపెక్ 400 మీటర్ల పరుగును, నడుమ మెల్లని పరుగుతో, పలుమారు అభ్యసించినవాడే. మన కె. డి. జాదవ్ కుస్తీలో కాంస్యపతకము గడించినదియు ఆ క్రీడలలోనే.

పది నిమిషములు మెల్లగా పరుగెత్తి ఒళ్ళు వేడెక్కిన పిమ్మట, 30 సెకనులు వడిగా పరుగెత్తి, ఒక నిమిషము నడువవలెను. మొదట ఆరు మారులు చాలును. కొన్ని వారములకు పది వరకు పెంచవచ్చును. వారమునకు రెండు దినములే, అవియు వరుసగా కూడదు. మణికట్టు కడ 15 సెకనులు నాడిని లెక్కింపవలెను. 30కి మించి కొట్టుకొనుచున్నచో ఇంకను నడువవలెను. చివరి పరుగు కుంటుపడినచో మొదటివి అతివేగముగా సాగినవన్నమాట. పట్టులు మాత్రము గోదాలోనే నేర్వవలెను. పరుగు వానిని నేర్పదు.

తూకమునకు ముందు బరువు తగ్గుటకై, నీరు మాని, రబ్బరు దుస్తులు తొడిగి శ్రమించుట కొందరికి అలవాటు. 1997లో అమెరికాలో ముగ్గురు కళాశాల మల్లులు ఇట్టి ప్రయత్నములలోనే మరణించిరి. చెమటగా పోవునది నీరే గాని కొవ్వు కాదు. నీరు తగ్గినకొలది దేహపు వేడి బయటకు పోజాలదు. గుండెకు భారము హెచ్చును. కావున వేసవిలో తెల్లవారుజాముననే, తగినంత నీరు త్రాగి పరుగెత్తవలెను. పరుగులో ఛాతినొప్పి గాని, మూర్ఛ గాని కలిగినవారు వైద్యుని చూపించుకొనక మరల పరుగెత్తరాదు. ఎండలో తల తిరిగి, మాట తడబడినచో వెంటనే నీడకు చేర్చి, దుస్తులు వదులు చేసి, ఒంటినిండ చన్నీళ్ళు పోయుచు, గాలి విసరుచు ఆసుపత్రికి కబురంపవలెను. స్పృహ తప్పినవాని నోట నీరు పోయరాదు.