మా నాన్న కోపమే నాకొచ్చింది!

‘మా నాన్న కోపమే నాకొచ్చింది, నన్నేం చేయమంటారు?’ అనేవాళ్లతో వాదన పెట్టుకోకండి. సగం నిజమే చెబుతున్నారు. చిక్కల్లా ఆ సగం దగ్గరే ఆగిపోవడంలో ఉంది.

ప్రతిదానికీ కలతపడే స్వభావం కొందరిలో ఎక్కువ, కొందరిలో తక్కువ. ఆ తేడాలో సుమారు 40 శాతం జన్యువుల వల్లేనని కవలల మీద జరిగిన అధ్యయనాలు చెబుతాయి. అలాగని కోపానికో జన్యువు, బెంగకో జన్యువు ఉంటాయనుకోకండి. కష్టం వస్తే ఎవరు కుంగిపోతారో ఒక్క జన్యువు చూసి చెప్పేయొచ్చని 2003లో పెద్ద హడావుడి జరిగింది. తర్వాత లక్షలమంది వివరాలతో సరిచూస్తే అది నిలబడలేదు. వేల జన్యువులు తలా చిటికెడు వేస్తాయి, అంతే.

మిగతా సగం సంగతి కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం ఎలుకలు చెబుతాయి. కొన్ని తల్లి ఎలుకలు పిల్లల్ని తెగ నాకుతాయి, కొన్ని అంతగా పట్టించుకోవు. బాగా నాకించుకున్నవి పెద్దయ్యాక బెదిరినా తొందరగా కుదుటపడతాయని అక్కడి మైకేల్ మీనీ బృందం గమనించింది. అది రక్తంలోనే ఉందేమో? పట్టించుకోని తల్లికి పుట్టిన పిల్లల్ని తీసుకెళ్లి బాగా నాకే తల్లి దగ్గర పెట్టారు. అవి పెంచిన తల్లి దారిలోనే పెరిగాయి. జన్యువు అదే, దాని మీదుండే రసాయన గుర్తులు మాత్రం మారాయని 2004లో అదే బృందం చూపించింది. ఎలుకల లెక్క మనుషులకు ఉన్నదున్నట్టు అతకదు, నిజమే. అయినా ‘మా వంశమే ఇంత’ అని చేతులెత్తేసే ముందు ఆ ఎలుకల్ని ఓసారి తలచుకోవాలి.

పసివాడికి తన గుండెదడ తాను తగ్గించుకోవడం చేతకాదు. ఎవరో ఎత్తుకోవాలి, వీపు నిమరాలి. అలా మళ్లీ మళ్లీ జరిగితేనే ఆ విద్య వాడికి పట్టుబడుతుంది. అమెరికాలోని బాల్టిమోర్‌లో మనస్తత్వవేత్త మేరీ ఐన్స్‌వర్త్ ఏడాది పిల్లల మీద ఓ పరీక్ష పెట్టారు. కొత్త గదిలో తల్లి కాసేపు బయటికెళ్లి తిరిగొస్తుంది. వచ్చాక పిల్లలు ఎంతలో కుదుటపడతారన్నదే ఆమె ముఖ్యంగా చూసింది. కొందరు చంకెక్కి, కాసేపటికే మళ్లీ ఆటలో పడ్డారు. కొందరు ఎత్తుకున్నా ఊరుకోలేదు. ఇంకొందరైతే పెద్దగా ఏడవలేదు, తల్లి వచ్చినా అటు చూడలేదు. మన ఇళ్లలో ఈ మూడో రకాన్నే ‘బంగారుకొండ, అస్సలు పేచీ పెట్టడు’ అని మెచ్చుకుంటాం. తర్వాతి పరిశోధకులు అలాంటి పిల్లల గుండె వేగం కొలిచారు. పైకి నిమ్మళంగా ఉన్నా లోపల దడ పెరిగింది! ‘ఏడిస్తే బూచాడికి ఇచ్చేస్తా’, ‘మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా’ అని నోరు మూయించినప్పుడల్లా మనం నేర్పేది ఈ దాచుకోవడమే. అలా పెరిగినవాడు ముప్పై ఏళ్లకు ఇంట్లో ఏమడిగినా ‘ఏం లేదు’ అంటాడు. ఆపైన ఓరోజు కంచం విసిరేస్తాడు.

ఇది చదివి తల్లులు దిగులు పడొద్దు (తండ్రులు కాస్త పడితే మంచిదే). ఎదురెదురుగా కూర్చుని ఆడుకునే తల్లీబిడ్డల మనసులు ఒక్కతీరుగా ఉండేది సుమారు 30 శాతం సమయమేనని మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్ పరిశీలనలో తేలింది. మిగతాదంతా తప్పటం, మళ్లీ కలవడం. కాబట్టి ఎప్పుడూ అరవని అమ్మానాన్నలు పిల్లలకు అక్కర్లేదు. అరిచాక దగ్గరికి తీసుకునేవాళ్లు కావాలి.

మరి చిన్నప్పుడు ఆ ఓదార్పు దొరకని పెద్దవాళ్ల మాటేమిటి? దారి మూసుకుపోలేదు. 2006లో మనస్తత్వవేత్త జేమ్స్ కోన్ బృందం, కరెంటు షాక్ తగలొచ్చని తెలిసి భయపడుతున్న భార్యల మెదడును స్కాన్ చేసింది. భర్త చెయ్యి పట్టుకుంటే ఆ అలజడి తగ్గింది. అన్యోన్యంగా ఉండే జంటల్లో ఇంకా తగ్గింది. అంటే పెద్దయ్యాక కూడా మనల్ని ఇంకొకరు కుదుటపరచగలరు. భార్యో, స్నేహితుడో, కౌన్సెలరో, మీ దగ్గర మాట దాచుకోనవసరం లేని మనిషిని ఒకరిని సంపాదించుకోండి. లోపల రగులుతున్నది కోపమా, అవమానమా, భయమా అన్నది పేరు పెట్టి పైకి చెప్పండి. చాలాసార్లు మనం కోపం అనుకునేది భయమే. మాట రానంతగా ఒళ్లు మండుతుంటే ఆ గదిలోంచి బయటికి నడవండి, కానీ ‘పది నిమిషాల్లో వస్తా’ అని చెప్పి మరీ వెళ్లండి. చెప్పకుండా వెళ్లిపోవడం ఇంట్లోవాళ్లకు ఇంకో శిక్ష.

పిల్లలకు క్షమాపణ చెబితే నెత్తికెక్కుతారన్న భయం మనకు బాగా ఎక్కువ. అది ఉత్త భయమే. ఇవాళ అనవసరంగా కసురుకుని ఉంటే, వాళ్లు నిద్రపోయేలోగా పక్కన కూర్చుని ‘తప్పు నాదేరా’ అనండి.