ఇంజనులోకి వెళ్ళే గాలిని అదుపు చేయడం

జంషెడ్‌పూర్‌లోని బిష్టుపూర్ బజారులో సిగ్నలు దగ్గర ఒక పెట్రోలు స్కూటరు, ఒక డీజిలు లారీ పక్కపక్కన ఆగాయనుకోండి. పచ్చదీపం వెలిగింది. స్కూటరాయన యాక్సిలరేటరు తిప్పాడు. లారీ డ్రైవరు తొక్కాడు. ఇద్దరూ చేసింది ఒకే పనా? కాదు. మొదటివాడు ఇంజనులోకి గాలిని ఎక్కువగా వదిలాడు, రెండోవాడు డీజిలును. (ఆ లారీ ఈ ఊరిదే కావచ్చు. డైమ్లర్-బెంజ్ సహకారంతో 1954లో టాటావారు లారీల తయారీ మొదలుపెట్టింది ఇక్కడే.)

పెట్రోలు ఇంజనులో పిస్టన్ కిందికి దిగుతూ గాలిని పీలుస్తుందని మీకు తెలుసు. ఆ గాలిదారికి అడ్డంగా తిరిగే గుండ్రటి పలకే త్రోటల్ కవాటం. పాత స్కూటర్ల కార్బ్యురేటరులో దీనికి బదులు పైకీ కిందికీ జరిగే ముక్క ఉంటుంది; పని మాత్రం ఇదే. పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువులో ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. ఈ పాళ్ళు బాగా తప్పితే స్పార్కు ప్లగ్గు రవ్వకు మిశ్రమం సరిగా అంటుకోదు. అందుచేత శక్తి తగ్గించాలంటే పెట్రోలుతోపాటు గాలినీ తగ్గించాలి.

డీజిలు ఇంజనులో రవ్వ లేదు. గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిలు అంటుకుంటుంది. గాలి తగ్గిస్తే ఆ వేడి కూడా తగ్గుతుంది. కాబట్టి గాలిదారి తెరిచి ఉంచి, డీజిలును మాత్రం కొలిచి పంపుతారు. ఇప్పటి బి.ఎస్.-6 డీజిలు బండ్లలో చాలావాటికి గాలిదారిలో పలక ఉన్నా, అది ముఖ్యంగా పొగను శుద్ధి చేసే ఏర్పాటుకు సాయపడేది.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. టర్బోఛార్జరు సీలు పాడైతే ఇంజనాయిలు గాలిదారిలోకి కారుతుంది. ఇంజను ఆ ఆయిలునే కాల్చుకుంటూ అదుపు తప్పి పరుగెత్తవచ్చు. అప్పుడు తాళంచెవి తిప్పినా ఆగదు. తాళంచెవి ఆపేది డీజిలునే కదా! గాలి అందకపోతే ఆగుతుంది. అనుభవమున్న మెకానిక్కులు గాలిగొట్టం మూతిని గట్టి పలకతో మూసేస్తారు. అరచెయ్యి అడ్డం పెట్టకండి, గుడ్డ కుక్కకండి. పీల్పుకు చెయ్యి గాయపడుతుంది, గుడ్డ లోపలికి పోతుంది. ఇంజను వేగం మరీ పెరిగితే దగ్గర నిలబడవద్దు. ముక్కలు ఎగిరి తగలవచ్చు.

పాఠ్యగత ప్రశ్నలు
1. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయిన పాత డీజిలు లారీ, బరువుతో గట్టు ఎక్కుతూ నల్లపొగ ఎందుకు వదులుతుంది?
2. పైన చెప్పినట్లు ఇంజనాయిలుతో పరుగెత్తే ఇంజనుకు డీజిలు గొట్టం ఊడదీస్తే ఆగుతుందా? కారణం రాయండి.